నూనె మరకలు పడ్డ పేజీలు

వంటల పుస్తకాన్ని కొన్న వారానికే సమీక్షించడం అన్యాయం. అప్పటికి బొమ్మలు బాగుంటాయి, కాగితం నున్నగా ఉంటుంది, ముందుమాటలో అమ్మమ్మ తప్పక ఉంటుంది. పొయ్యి పక్కన కొన్నేళ్ళు నలిగాక, ఏ పేజీకి పసుపు అంటింది, ఏ పేజీ ఇంకా తెల్లగానే ఉంది అని చూస్తే దాని సత్తా తెలుస్తుంది.

మా వంటింట్లో అలా నలిగినవి నాలుగు ఉన్నాయి. ఒకటి అమ్మ వాడిన పాత పుస్తకం. అట్ట, మొదటి పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి కనుక దాని పేరు చెప్పలేను. రెండోది నిండా రంగుల బొమ్మలున్న బరువైన పుస్తకం. మూడోది బస్టాండు దుకాణంలో వేలాడే సన్నపాటి పచ్చళ్ళ పుస్తకం. నాలుగోది విదేశాల్లో ఉండే తెలుగువాళ్ళ కోసం ఇంగ్లీషులో రాసినది. ఉండేది హైదరాబాదులోనే అయినా, తిండి కోసమే ఊళ్ళు తిరిగే అలవాటు నాది. బయట తిన్నది ఇంట్లో చేసి చూస్తాను, ఇంట్లో చేసినదాన్ని మళ్ళీ బయట తిని పోల్చుకుంటాను. ఈ పుస్తకాల మీద నా తీర్పులన్నీ ఆ రాకపోకల్లో ఏర్పడ్డవే.

పాత పుస్తకంతో మొదటి చిక్కు కొలతలు. చింతపండు తులాల్లో, బెల్లం వీసెల్లో, బియ్యం సోలల్లో ఉంటాయి. వీసె అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1,400 గ్రాములు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ లెక్కను ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది. మిగతా సగం తీరదు. ఎందుకంటే ఈ పుస్తకం చాలాచోట్ల కొలతే చెప్పదు. 'తగినంత ఉప్పు', 'నిమ్మకాయంత చింతపండు' అని వదిలేస్తుంది. ఏ నిమ్మకాయ? కొత్త చింతపండా, నల్లబడిన పాతదా? పాతది తక్కువ వేసినా పులుపు ఎక్కుతుందని వంట తెలిసినవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళ కోసమే కదా పుస్తకం!

అయినా నాలుగింటిలో ఎక్కువ మరకలున్నది దీనికే. ఇది నిమిషాలు లెక్కపెట్టదు, గుర్తులు చెబుతుంది. పులిహోర పులుసు ఎంతసేపు ఉడకాలి? బొమ్మల పుస్తకం ఏడు నిమిషాలంటుంది. పాత పుస్తకం మాత్రం నూనె అంచుల్లో తేలి, గరిటెతో గీత గీస్తే ఆ గీత వెంటనే పూడకుండా నిలవాలంటుంది. నా పొయ్యి మంట వేరు, మీ పొయ్యి మంట వేరు. వెడల్పాటి మూకుడులో పులుసు త్వరగా దగ్గరపడుతుంది, లోతు గిన్నెలో ఆలస్యమవుతుంది. చింతపండు పిసికినప్పుడు నీళ్ళు ఎన్ని పోశామో గడియారానికి ఏం తెలుసు? గుర్తు తెలిస్తే పొయ్యి ఏదైనా పని జరుగుతుంది. అల్లంవెల్లుల్లి పచ్చివాసన పోవడం, పప్పు గరిటె వెనుక భాగానికి పట్టుకోవడం, తాలింపులో మెంతులు ఎర్రబడి నల్లబడకముందే దించడం వంటివన్నీ ఈ పుస్తకంలో ఒక్కో వాక్యంలో ఉన్నాయి. బొమ్మల పుస్తకంలో ఆ చోటు పింగాణీ పళ్ళేనికీ, పక్కన పెట్టిన కరివేపాకు రెమ్మకూ పోయింది.

గుర్తు విలువ పూర్తిగా తెలిసేది అరిసెల దగ్గర. బియ్యం ఒక రోజు నానాలి, నీరు మార్చాలి, వడకట్టి తడి ఆరకముందే దంచి జల్లించాలి. పిండి పొడిబారితే అరిసె విరిగిపోతుంది. ఇంతవరకు అన్ని పుస్తకాలూ ఒకే మాట. తేడా అంతా పాకం దగ్గరే. చిన్న పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే అది కరిగిపోకుండా, వేళ్ళతో కూడదీస్తే మెత్తటి ఉండ కావాలి. అప్పుడే దించి పిండి కలపాలి. ఉండ గట్టిపడి గిన్నెకు కొడితే టక్కుమనే దాకా ఆగితే అరిసెలు కూడా అలాగే టక్కుమంటాయి. లేతగా ఉండగానే దించితే నూనెలో విచ్చుకుపోతాయి. ఉష్ణమాపకం ఉన్నవాళ్ళకు మెత్తటి ఉండ సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది. నాకు పళ్ళెంలో నీళ్ళే నమ్మకం, ఎందుకంటే బెల్లం ఒక్కో సంతలో ఒక్కో రకంగా ఉంటుంది. అనకాపల్లి నుంచి తెచ్చిన ముదురు రంగు బెల్లానికీ, నగరంలో దొరికే తెల్లటి దిమ్మకూ పాకం తీరు ఒకటి కాదు. బొమ్మల పుస్తకం ఈ ఘట్టాన్ని 'పాకం వచ్చాక' అన్న రెండు మాటల్లో దాటేసింది. ఎదుటి పేజీ నిండా నువ్వులద్దిన అరిసె బొమ్మ ఉంది, చూడముచ్చటగా ఉంది, దానివల్ల ఎవరికీ అరిసె రాదు.

అలాగని గుర్తులతోనే అన్నీ గట్టెక్కవు. నిల్వ పచ్చడికి తూకం కావాలి, ఇక్కడ పాత పుస్తకానికి మార్కులు వేయలేను. ఆవకాయకు కారం, ఉప్పు, ఆవపిండి సమానంగా గ్లాసుతో కొలవమంటుంది. రాళ్ళ ఉప్పు దంచి వాడిన రోజుల్లో అది సరిపోయి ఉంటుంది. గ్లాసు పొట్లం ఉప్పు అదే గ్లాసు రాళ్ళ ఉప్పు కంటే బాగా బరువు తూగుతుంది కనుక, ఇప్పుడు ఆ లెక్కన వేస్తే పచ్చడి ఉప్పుకషాయమే. బస్టాండు పుస్తకం వెల ఒక టీ, రెండు సమోసాల ఖరీదుకు మించదు, అచ్చుతప్పులకు లెక్కలేదు. అయినా కొలతలన్నీ గ్రాముల్లో ఇచ్చింది. దాన్ని కాస్త సవరించుకుంటూ మా ఇంట్లో స్థిరపడిన లెక్క ఇది: కిలో టెంక ముక్కలకు కారం 200 గ్రాములు, ఆవపిండి 200, ఉప్పు 180, నువ్వుల నూనె 400 మిల్లీలీటర్ల దాకా. మూడో రోజు తిరగగలిపి, నూనె ముక్క మీదికి తేలకపోతే ఇంకాస్త పోయాలి.

ఏ కాయ, ఏ మిరప అన్నది మాత్రం నాలుగు పుస్తకాల్లోనూ కొరతే. చిన్నరసం, జలాలు, కొత్తపల్లి కొబ్బరి వంటి పులుపూ పీచూ ఉన్న కాయ ఆవకాయకు నిలుస్తుంది. మిరప సంగతి ఇంకా ముఖ్యం. గుంటూరు సన్నానికి ఘాటు ఎక్కువ. వరంగల్ చపాటా, అంటే టమాటా మిరప, ముదురు ఎరుపు ఇస్తుంది కానీ ఘాటు తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రెండూ కలిపి పట్టించుకుంటే రంగూ నిలుస్తుంది, నాలుకా నిలుస్తుంది. 'కారం: 200 గ్రాములు' అని రాసి ఊరుకునే పుస్తకం ఈ సంగతి పాఠకుడి నోటికే వదిలేస్తున్నట్టు. గోంగూరదీ అదే కథ. ఎర్రకాడ గోంగూర తెల్లకాడ దానికన్నా పులుపు, పచ్చడికి ఎర్రది, పప్పుకు తెల్లది నాకు నచ్చుతాయి. పుస్తకాల్లో రెండింటికీ 'గోంగూర: రెండు కట్టలు' అన్న మాటే ఉంటుంది.

ఇక హోటళ్ళు. విజయవాడ గాంధీనగర్‌లోని బాబాయి హోటల్లో వెన్నా కారప్పొడీ వేసిన ఇడ్లీ తిన్నవాళ్ళకు ఇంటి ఇడ్లీ మీద అసంతృప్తి మొదలవుతుంది. నాకూ మొదలైంది. పుస్తకాలు తిరగేస్తే కొన్నింట్లో మినప్పప్పుకు నాలుగింతలు ఉప్పుడు బియ్యం నానబెట్టి రుబ్బమని ఉంది. అది తమిళుల పద్ధతి. మంచిదే, కానీ మన హోటల్ ఇడ్లీ అది కాదు. మన దగ్గర మినప్పప్పు రుబ్బి అందులో ఇడ్లీ రవ్వ కలుపుతారు, ఒకటికి రెండు పాళ్ళు. ఆ సన్నటి గరుకు వల్లే వేడి ఇడ్లీ మీద వెన్న జారకుండా ఇంకుతుంది. ఇంగ్లీషు పుస్తకం ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. నిజానికి పిండి పులియబెట్టడం గురించి నాలుగింటిలో అన్నిటికన్నా బాగా రాసినది అదే. చలిదేశంలో కూర్చుని రాసిన మనిషి వాతావరణాన్ని నమ్ముకోలేడు కదా! గుప్పెడు మెంతులు వేయకండి, అర చెంచా చాలు, ఓవెన్‌లో దీపం మాత్రం వెలిగించి పిండిగిన్నెను లోపల పెట్టండి, పొంగిన ఎత్తు చూడండి, గంటలు చూడకండి అని రాసింది. డిసెంబరులో హైదరాబాదుకూ ఆ సలహా పనికొస్తుంది. మే నెలలో విజయవాడలో అదే పిండి మధ్యాహ్నానికే పుల్లబడుతుంది. 'రాత్రంతా ఉంచాలి' అని రాసినవాళ్ళు ఏ ఊళ్ళో, ఏ నెలలో ఉండి రాశారో కూడా రాస్తే బాగుండేది.

పెసరట్టు దగ్గర పుస్తకాల తప్పు లేదు, పెనం తప్పు. హోటల్లో ఉండేది బొటనవేలంత మందమున్న ఇనుప పెనం. పిండి పడినప్పుడు అది చల్లబడదు, అందుకే అంచులు కరకరలాడుతూ లేస్తాయి. ఇంట్లోని పలచటి పెనం ఒక్క గరిటె పిండికే చల్లబడుతుంది. మందమైన ఇనుప పెనం కొన్నాక ఏ పుస్తకంలోని పెసరట్టయినా బాగానే వచ్చింది. పెసలు మరీ ఎక్కువ నానకూడదు, రుబ్బిన పిండి పులియకూడదు, ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు.

బిర్యానీ కోసం నేను పుస్తకం తెరవడం మానేశాను. పచ్చి మాంసాన్ని మసాలాలో నానబెట్టి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి దమ్ము చేసే పద్ధతికి పెద్ద దేగిశా కావాలి. అంత పెద్ద గిన్నె మెల్లగా వేడెక్కుతుంది, వేడిని వదలదు, ఆవిరి బయటికి పోదు. అదే లెక్కను కిలో మాంసానికి తగ్గించి గ్యాసు పొయ్యి మీద పెడితే పైన ఆవిరి పట్టేలోపు అడుగు మాడుతుంది. గిన్నె కింద పెనం పెట్టి సన్నటి సెగ మీద ఉంచితే తినదగ్గది వస్తుంది, హోటల్ బిర్యానీ మాత్రం రాదు. అయితే హోటళ్ళన్నీ ఆ కష్టం పడుతున్నాయనీ కాదు. ఒకప్పుడు నేను అందరికీ చెప్పి పంపిన ఒక హోటల్, కొమ్మలు వేసి ఊరంతా పాకాక, అన్నం వేరుగా మాంసం వేరుగా వండి పళ్ళెంలో కలిపి పెడుతోంది. అడుగున ముక్కకు అన్నం వాసన లేదు, అన్నానికి ముక్క వాసన లేదు. సాలన్ పోసుకుని ఎలాగో తిన్నాను, మళ్ళీ వెళ్ళలేదు.

హలీం కూడా ఇంతే. హైదరాబాదీ హలీంకు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోధుమా మాంసమూ కలిసి భట్టీ మీద గంటల తరబడి ఉడికి, కర్ర రోకళ్ళతో మెదిగితే వచ్చే సాగుడు అది. బొమ్మల పుస్తకం దాన్ని కుక్కర్లో ఆరు ఈలలకు కుదించింది. వచ్చేది మాంసం వేసిన గోధుమ జావ. ఆత్రేయపురం పూతరేకుల తయారీ కూడా అందులో రెండు పేజీలుంది. బోర్లించి కాల్చిన కుండ మీద పలచటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్కసారి లాగి రేకు తీసే విద్యను నాన్‌స్టిక్ పెనం మీదికి దించారు. మారేడుమిల్లి బొంగులో చికెన్‌కు బొంగు బదులు గాజు సీసా వాడమన్నారు. పచ్చి వెదురులోని తడే ఆ మాంసాన్ని ఉడికిస్తుంది, ఆ వాసనే దాని రుచి. ఈ పేజీలు ఇప్పటికీ తళతళలాడుతున్నాయి, ఒక్క మరకా లేదు. కొన్నింటిని అక్కడికే వెళ్ళి తినాలి. కాకినాడ సుబ్బయ్య గారి హోటల్లో విస్తరి ముందు కూర్చున్నప్పుడూ నాకు అలాగే అనిపిస్తుంది. అన్ని అధరువులు ఒక పూటకు ఇంట్లో ఎవరు చేస్తారు? వాళ్ళు బుట్టలో సర్ది ఇంటికి ఇచ్చే భోజనం ఉండనే ఉంది.

నా దగ్గరున్న పుస్తకాల పెద్ద లోటు తెలంగాణ. పాతదానిలో పచ్చిపులుసు లేదు, సర్వపిండి లేదు. బొమ్మల పుస్తకంలో సకినాలు ఉన్నాయి కానీ వాటిని మురుకుల గొట్టంతో ఒత్తమన్నారు. బట్ట మీద వేళ్ళతో తిప్పుతూ చుట్లు వేసేవాళ్ళు చూస్తే నవ్వుతారు. నాకు సకినాలు నేర్పింది పక్కింటి అత్తమ్మ. కొత్తబియ్యప్పిండిలో నువ్వులు, వాము ఎంత వేయాలో, పిండి వేళ్ళ మధ్య తెగకుండా జారాలంటే ఎంత తడి ఉండాలో ఆమె చెబుతుంటే పాత పుస్తకం వెనుక ఖాళీ పేజీలో రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీకీ నూనె అంటింది.

ఎవరైనా అడిగితే బస్టాండు పుస్తకాన్ని పచ్చళ్ళ వరకు కొనమంటాను. ఇంగ్లీషుదాన్ని వంట అసలే రాని పిల్లలకు, పై దేశాలకు వెళ్ళేవాళ్ళకు ఇవ్వమంటాను. బొమ్మల పుస్తకాన్ని పెళ్ళికి బహుమతిగా ఇవ్వవచ్చు, మా ఇంటికి అలాగే వచ్చింది. పాతలాంటిది దొరికితే అరిసెల పేజీ తెరవండి, పాకం నీళ్ళలో వేసి చూడమని ఉంటే మారుమాట లేకుండా తీసుకోండి.

నాలుగింటి మీదా ఒక ఫిర్యాదు మిగిలింది. ఇంట్లో వంకాయలు మాత్రమే ఉన్నాయనుకోండి. వాటితో ఏం చేయవచ్చో తెలియాలంటే కూరలు, పులుసులు, పచ్చళ్ళు, వేపుళ్ళు అంటూ అధ్యాయాలన్నీ తిరగేయాలి. చివర కూరగాయల వారీగా సూచిక వేసిన తెలుగు వంటల పుస్తకం నా చేతికి ఇంకా రాలేదు. వస్తే బొమ్మలు లేకపోయినా కొంటాను, అచ్చుతప్పులున్నా కొంటాను.