లినక్స్ మింట్ 22: పాత ల్యాప్‌టాప్‌లో తెలుగు పనికి ఎంతవరకు నమ్మవచ్చు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను, కొంత కొత్త ప్రాసెసర్‌ను కోరుతుంది కాబట్టి, ఇంకా చక్కగా పనిచేస్తున్న ఎన్నో యంత్రాలు అటూ ఇటూ కాకుండా మిగిలిపోయాయి. అటువంటి ఒక ల్యాప్‌టాప్‌లో ఉత్తరాలకు, లెక్కలకు, తెలుగు వ్యాసాలకు నేను విండోస్‌కు బదులు లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను, సినమన్ డెస్క్‌టాప్ రూపంలో, వాడుతున్నాను. తెలుగు రాసేవారి అవసరాల వైపు నుంచి దాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

క్లెమెంట్ లెఫెవర్ 2006లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టులో 22వ సంచిక 2024 జులైలో విడుదలైంది. దీని పునాది ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ వ్యవస్థ కనుక 2029 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ ఉండే సినమన్ డెస్క్‌టాప్ విండోస్ అలవాటున్నవారిని తికమక పెట్టదు. నాకు అన్నిటికంటే నచ్చినది దీని సంయమనం. ఉబుంటు వాడే స్నాప్ అనే రకం సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను మింట్ తనంతట తాను పెట్టదు. ఫ్లాట్‌పాక్ అనే మరో రకం ప్యాకేజీలలో కూడా అసలు రూపకర్తలే అందిస్తున్నట్టు ధ్రువపడని వాటిని, మనం అనుమతిస్తే తప్ప సాఫ్ట్‌వేర్ మేనేజర్ చూపించదు.

తెలుగు చదవడానికి ఇబ్బంది లేదు. ఒత్తులు, గుణింతాలు బ్రౌజర్‌లోనూ లిబ్రే ఆఫీసులోనూ సరైన చోటనే కూర్చుంటాయి. రాయడానికి రెండు దారులున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరిక వచ్చినవారు కీబోర్డు సెట్టింగులలో తెలుగు లేఅవుట్‌ను చేర్చుకుంటే చాలు: కె మీట క, డి మీట పొల్లు, మళ్లీ కె నొక్కితే తెరమీద ‘క్క’ సిద్ధం. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవారు మాత్రం ఐబస్ అనే టైపింగ్ సాధనాన్ని, దానితోపాటు ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీని స్థాపించి, లాగవుటై తిరిగి ప్రవేశించి, ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చే ఆర్‌టీఎస్ పద్ధతిని ఎంచుకోవాలి. అందులో మామూలు డి ద అవుతుంది, క్యాపిటల్ డి డ అవుతుంది. వేళ్లకు అలవాటు పడ్డాక ఆలోచన వేగంతోనే రాయవచ్చు. అయితే ఇంత అమరిక కొత్తవారికి భారమే. స్థాపన సమయంలో తెలుగును ఎంచుకున్నవారికి ఇదంతా అప్పుడే సిద్ధమై ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. మెనూల అనువాదం కూడా అసంపూర్ణంగానే ఉంది. ఒకే విండోలో కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో కనిపిస్తాయి.

లిబ్రే ఆఫీసులో వ్యాసం రాయడానికి, పీడీఎఫ్ చేయడానికి లోటు లేదు. అక్షరదోషాల తనిఖీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, ఎందుకంటే విభక్తులు, సంధులు కలిసిన సరైన మాటలకు కూడా అది ఎర్రగీత గీస్తుంది. అను అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో పుస్తకాలు కూర్చే డీటీపీ వారు ఆ పని కోసం విండోస్ యంత్రాన్ని ఉంచుకోక తప్పదు. ఆ పాత ఫైళ్లలోని అక్షరాలు, అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్ పద్ధతిలో ఉండవు, పేజ్‌మేకర్‌కు లినక్స్ రూపం లేదు.

అప్‌డేట్ మేనేజర్ పని మధ్యలో కంప్యూటర్‌ను బలవంతంగా రీస్టార్ట్ చేయదు. ఏ అప్‌డేట్ ఎందుకు వచ్చిందో చూసి, మనకు వీలైనప్పుడు స్థాపించుకోవచ్చు. ఏదైనా వికటిస్తే టైమ్‌షిఫ్ట్ అనే సాధనం వ్యవస్థను ముందరి స్థితికి తీసుకువెళుతుంది. కాని అది మామూలుగా హోమ్ ఫోల్డరులోని మన పత్రాలను, ఫొటోలను భద్రపరచదు. వాటికి బయటి డిస్కులో వేరే ప్రతి ఉంచుకోవడం అత్యవసరం.

కనీసం 2 జీబీ ర్యామ్ చాలని మింట్ బృందం చెబుతుంది, సౌకర్యంగా వాడటానికి 4 జీబీ సూచిస్తుంది. ఈ రోజుల బ్రౌజర్ల ఆకలి చూస్తే 8 జీబీ ఉన్న యంత్రమే మేలని నా అభిప్రాయం. పాత హార్డ్ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. డిస్కును ముట్టుకోకుండానే పెన్‌డ్రైవ్ నుంచి మింట్‌ను నడిపి చూడవచ్చు కాబట్టి, వైఫై, ప్రింటరు, స్కానరు, శబ్దం అన్నీ పనిచేస్తున్నాయని ఆ దశలోనే తేల్చుకొని, ఆ తరువాతే స్థాపనకు పూనుకోండి.