పాత డబ్బాలు, పింగాణీ: ఇరవై ఏళ్ల వాడకం తర్వాత

బొమ్మలున్న పాత రేకు డబ్బాలు, పింగాణీ కప్పులు, ఎనామెల్ గిన్నెలు పోగు చేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. మూడు బీరువాలు నిండి, మంచం కిందికి కూడా చేరాయి. గత రెండేళ్లలో సగానికి పైగా ఇచ్చేశాను, కొన్ని అమ్మాను. కొనేటప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించినవి రాస్తున్నాను.

డబ్బాలంటే నాకు ప్రాణం. రేకు మీద రంగుల బొమ్మలు అచ్చువేసే ఆఫ్‌సెట్ పద్ధతికి 1875లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ బార్‌క్లే పేటెంట్ తీసుకున్నాడు. అచ్చు కోసం రాయి మీద గీసిన బొమ్మ ముందు ఒక సిలిండర్ మీదికి ఎక్కి, అక్కడి నుంచి రేకు మీదికి దిగుతుంది. కాగితం మీద ఆఫ్‌సెట్ అచ్చు ఆ తర్వాతే వచ్చింది. పాత డబ్బా మూలల్లో రంగులు కొంచెం పక్కకి జరిగి కనిపిస్తే నాకు అది లోపంలా అనిపించదు, ఇంకాస్త ముద్దొస్తుంది.

ఈ డబ్బాలకు అసలు శత్రువు గీత. ఉక్కు రేకు మీద తగరం పలుచగా పూసి ఉంటుంది. జింకు పూత గీసుకుపోతే జింకే ముందు తినుకుపోయి లోపలి ఇనుమును కాపాడుతుంది. తగరం అలా కాదు. గీత పడిన చోట ఇనుమే ముందు పోతుంది, అదీ పూత లేని ఇనుము కన్నా త్వరగా. ఇది తెలియక మొదట్లో ఒక మంచి డబ్బాను స్టీల్ పీచుతో తోమాను. ఆరు నెలల్లో అడుగంతా తుప్పు. ఇప్పటికీ ఆ డబ్బా గుర్తొస్తే బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి పొడి గుడ్డతో తుడవడమే. నీళ్లలో ముంచను, ఎందుకంటే మడతల్లో చేరిన తడి ఒక పట్టాన ఆరదు. డబ్బా మీద టేపు అసలు అంటించకండి, తీస్తే బొమ్మ కూడా ఊడొస్తుంది.

కొనే ముందు నేను చూసేది బొమ్మ కన్నా మూత. మూత దించుతుంటే చివర్లో లోపలి గాలి వేలికి చిన్నగా ఎదురొస్తుంది. ఆ బిగువు ఉన్న డబ్బాలు ఇన్నేళ్లూ రోజూ వాడినా చెక్కుచెదరలేదు. బొమ్మ బాగుందని కొన్న వదులు మూతల డబ్బాలు ఒక్కటీ పనికి రాలేదు.

గిన్నెల్లో రోజువారీ వాడకానికి నా ఓటు ఎనామెల్‌కే. ఇనుము మీద గాజును సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి అతికిస్తారు, అందుకే మరక పట్టదు, వాసన పట్టదు. కింద పడితే మాత్రం పెచ్చు లేస్తుంది. బయట లేస్తే వాడుకోవచ్చు, లోపల లేస్తే వంటకు వద్దు.

రంగుల ప్లేట్ల విషయంలో జాగ్రత్త. పాత ప్లేట్ల మీది మెరుగు పూతలో సీసం ఉండొచ్చు, పులుపు తగిలితే అది ఆహారంలోకి దిగుతుంది. అమెరికాలో 1936లో వచ్చిన ఫియెస్టా ప్లేట్ల ఎరుపులో యురేనియం ఉండేది. యుద్ధంలో యురేనియం ప్రభుత్వానికే కావాల్సి రావడంతో 1943లో ఆ రంగు ఆపేసి, 1959లో మళ్లీ తెచ్చారు. అలాంటివి నా ఇంట్లో చూడటానికే, తినడానికి కాదు.

వెనక ముద్ర చదవడం నేర్చుకుంటే వయసు దానంతటదే తెలుస్తుంది. నా దగ్గర ఒక చిన్న కప్పు అడుగున ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంది. అంటే ఆక్రమిత జపాన్‌లో తయారైందని. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్ అమెరికా, దాని మిత్రదేశాల ఆక్రమణలో ఉన్నది 1945 నుంచి 1952 వరకే. అరచేతిలో పట్టే కప్పులో అంత చరిత్ర ఉండటం చూసి ఆ రాత్రి చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

ఇక పంపేయడం. ఏది ఉంచాలో తేల్చుకోలేక నెలల తరబడి టెన్షన్ పడ్డాను. చివరికి బీరువా తలుపులు వేసి, లోపల ఏమున్నాయో గుర్తున్నంత వరకు కాగితం మీద రాశాను. నూట నలభై డబ్బాల్లో నాకు గుర్తొచ్చినవి నలభై రెండు. అవే ఉంచాను.

అమ్మేటప్పుడు లోపం ముందే చెప్పేయండి. కప్పును గోటితో తడితే ఖంగుమనాలి, శబ్దం మొద్దుగా వస్తే ఎక్కడో సన్న నెర్రె ఉన్నట్టే. ప్లేట్లను పడుకోబెట్టి కాదు, అంచు మీద నిలబెట్టి ప్యాక్ చేయాలి. పడుకోబెట్టి కట్టిన పార్సిల్ ఒకటి నాకు ముక్కలుగా వచ్చింది. న్యూస్‌పేపర్ సిరా అంటుకుంటుంది, తెల్ల కాగితమే చుట్టండి.

ఆరు కప్పుల సెట్ ఒకటి అమ్మాక, నెల తర్వాత దాని సాసర్ ఒకటి బీరువా వెనక దొరికింది. కొన్నావిడకి ఫోన్ చేస్తే, “ఆరో కప్పు అందుకే పక్కన పెట్టేశానండీ, పంపిస్తారా?” అన్నారు. ఆ సాయంత్రమే తెల్ల కాగితం చుట్టి, నిలబెట్టి కట్టి పంపాను.