ట్యాంక్ ఫ్లోట్ కోసం మూడు బజార్లు: రాణిగంజ్, ఆటోనగర్, పుదుపేట

పాత అంబాసిడర్‌లోనో స్టాండర్డ్ హెరాల్డ్‌లోనో పెట్రోల్ ముల్లు కదలడం మానేస్తే, కొత్త ట్యాంక్ యూనిట్ (ట్యాంకులో తేలే ఫ్లోట్‌తో పెట్రోల్ మట్టాన్ని మీటరుకు తెలిపే భాగం) కోసం రైలెక్కే ముందు బండి దగ్గర పది నిమిషాలు కూర్చోవాలి. తప్పు బాడీకి కలిపే ఎర్త్ వైరుదైతే చెన్నై దాకా వెళ్లి ఎంత మంచి యూనిట్ తెచ్చి బిగించినా ముల్లు లేవదు.

యూనిట్ మీది వైరు ఊడదీసి ఇగ్నిషన్ వేయండి. ముల్లు ఎటు పోయిందో చూసి, ఆ వైరు కొసను ట్యాంకుకు దూరంగా బాడీకి ఒక్క క్షణం తాకించండి. స్మిత్స్ కంపెనీ పెట్రోల్ మీటర్లలో రెండు రకాలున్నాయి. కాయిల్స్‌తో నడిచే పాత రకంలో ముల్లు టక్కున కదులుతుంది, బండి మలుపు తిరిగితే ఊగుతుంది. అందులో వైరు ఊడదీస్తే ఫుల్, ఎర్త్ చేస్తే ఖాళీ చూపాలి. తర్వాత వచ్చిన రకంలో ముల్లు తీరిగ్గా లేస్తుంది, చూపించడం కూడా తిరగబడుతుంది: ఊడదీస్తే ఖాళీ, ఎర్త్ చేస్తే ఫుల్. ఈ రెండో రకాన్ని ఎక్కువసేపు ఎర్త్‌లో ఉంచితే మీటరు లోపలి వేడి తీగ మాడిపోతుంది. దీనికి మీటర్లకు వెళ్లే వోల్టేజీని నిలకడగా ఉంచే 10 వోల్టుల స్టెబిలైజర్ ఉంటుంది. పెట్రోల్ మీటరుతో పాటు టెంపరేచర్ మీటరు కూడా ఎక్కువ చూపిస్తుంటే యూనిట్ జోలికి పోకుండా ముందు ఆ స్టెబిలైజర్ డబ్బాకు ఎర్త్ అందుతోందా చూడండి.

మీటరు బాగుందని తేలితేనే యూనిట్ బయటికి తీయాలి. తీశాక మల్టీమీటర్‌ను ఓమ్స్ (రెసిస్టెన్స్) మీద పెట్టి ఫ్లోట్ చేతిని కింది నుంచి పైకి నెమ్మదిగా జరపండి. పాత రకం ఖాళీ దగ్గర దాదాపు సున్నా, ఫుల్ దగ్గర 70 నుంచి 90 ఓమ్స్ చూపుతుంది. రెండో రకం ఖాళీ దగ్గర 240 ప్రాంతంలో మొదలై ఫుల్ దగ్గర 20, 30కి దిగుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి బిగిస్తే ట్యాంకు ఖాళీ అయ్యాక ముల్లు ఫుల్ మీద కూర్చుంటుంది. మధ్యలో ఎక్కడైనా అంకె ఎగిరిపోయి మళ్లీ వస్తే అక్కడ యూనిట్ లోపలి రెసిస్టెన్స్ తీగ అరిగినట్టు. అంకెలన్నీ సరిగ్గా ఉండి కూడా ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటే ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి. గలగలమంటే లోపలికి పెట్రోల్ దిగింది.

ఇక ప్రయాణం. రైల్లో ట్యాంకు తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. ఖాళీ ట్యాంకులోనూ ఆవిరి ఉంటుంది, మండే సరుకు రైలెక్కిస్తే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. యూనిట్ ఒక్కదాన్ని కడిగి, వాసన పోయేదాకా ఎండలో ఆరబెట్టి, అట్టపెట్టెలో సర్దుకుంటే చాలు. ట్యాంకు లోతు, యూనిట్ రంధ్రం కొలత కాగితం మీద రాసుకోండి. మల్టీమీటర్ మాత్రం మరవద్దు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌కు జేమ్స్ స్ట్రీట్ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర. పొద్దున్నే వెళ్లి చేసేదేమీ లేదు, పదకొండు దాటాక వెళ్లండి. ఆదివారం అసలు వద్దు. కొత్త సరుకు కావాలంటే ఇదే సులువు, పని త్వరగా తేలితే గది తీసుకునే అవసరం కూడా ఉండదు. చిక్కల్లా, "అన్నిటికీ సరిపోతుందన్నా" అంటూ ఇచ్చే యూనిట్లతోనే. ఫ్లాంజ్ (ట్యాంకుకు బిగించే అంచు పలక) సరిపోతుంది, ఓమ్స్ సరిపోవు. కౌంటర్ మీదే ప్యాకెట్ విప్పి మల్టీమీటర్ పెట్టి చూడనివ్వని షాపులో కొనకండి.

విజయవాడ ఆటోనగర్ బలం వేరే: అక్కడ కొనడం కంటే బాగుచేయించడం మేలు. లేత్, టింకరింగ్, రేడియేటర్ టాకా పనులు సందు సందుకూ దొరుకుతాయి. ఒరిజినల్ యూనిట్‌లో రెసిస్టెన్స్ తీగ బాగుండి ఇత్తడి ఫ్లోట్ ఒక్కటే చిల్లుపడితే మరో ఊరు అక్కర్లేదు. ఫ్లోట్‌ను వేడినీళ్లలో ముంచితే బుడగలు వచ్చిన చోటే చిల్లు. సన్న రంధ్రం వేసి పెట్రోల్ మొత్తం వంచేసి, మళ్లీ వేడినీళ్లలో ఉంచి ఆవిరి పోగొట్టాకే టాకా వేయాలి. టాకా పలచగా ఉండాలి, బరువు పెరిగితే ఫ్లోట్ మునుగుతుంది. ట్యాంకు పని కూడా ఉంటే నీళ్లు నింపి కడగకుండా మంట దగ్గరికి తెస్తామనే చోట ఒక్క క్షణం ఆగొద్దు. బస గవర్నర్‌పేటలో కంటే బెంజ్ సర్కిల్ వైపు తీసుకోండి. సాయంత్రం ఇస్తామన్న పని మర్నాటికి వాయిదా పడడం ఇక్కడ మామూలే, ఆటోనగర్‌కు దగ్గరుంటే తిరగడం తగ్గుతుంది.

చెన్నైలో రెండు చోట్లున్నాయి. కొత్త స్పేర్లకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, బండ్లు విప్పిన పాత సామానుకు పుదుపేట. హెరాల్డ్ తయారైంది ఈ ఊళ్లోనే కాబట్టి దానికి ముందు ఇక్కడే వెతకాలి. 2014లో ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ సామాను కూడా కనిపిస్తుంది. ఎగ్మోర్ స్టేషన్ ఎదురుగా కెన్నెట్ లేన్‌లో లాడ్జీలు వరసగా ఉంటాయి, గదులు ఇరుకే, కానీ పుదుపేటకు నడిచి పోవచ్చు. విజయవాడ నుంచి పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తే మధ్యాహ్నానికి బజార్లో ఉంటారు. పుదుపేటలో బేరం తప్పదు, వెనక్కి తీసుకోవడం ఉండదు. తుప్పు పట్టిన ఫ్లాంజ్‌ను చూసి భయపడక్కర్లేదు, చూడాల్సింది రెసిస్టెన్స్ తీగ చుట్టనూ, దానిమీద రాసుకుంటూ జరిగే మొననూ. దూరం, ఖర్చు లెక్కేస్తే, తీగ పూర్తిగా పోయినప్పుడు మాత్రమే చెన్నై గిట్టుబాటు.

ఎక్కడ కొన్నా యూనిట్‌కూ ట్యాంకుకూ మధ్య పెట్టే ప్యాకింగ్ విషయంలో పిసినారితనం వద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్, మామూలు రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. ఈ పెట్రోల్‌ను తట్టుకునే వైటాన్ రబ్బరు షీటు అడిగి పాత ప్యాకింగ్ కొలతకు కోయించుకోండి.

బిగించే రోజు ఆరుబయట, బ్యాటరీ ఎర్త్ తీసేసి, పెట్రోల్‌ను యూనిట్ మట్టానికి కిందికి దించి మొదలుపెట్టాలి. యూనిట్‌ను పట్టి ఉంచే లాక్ రింగ్ ఉంటే ఇత్తడి కడ్డీతో తట్టాలి, ఇనుముతో రవ్వలు లేస్తాయి. ఆరు స్క్రూల రకమైతే ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒక పక్కే బిగిస్తే ఫ్లాంజ్ వంగి, ట్యాంకు నింపిన రోజు డిక్కీ అంతా వాసన. ఫ్లోట్ చేయి ట్యాంకు లోపలి అడ్డుపలకకు తగలకుండా, ఫ్లోట్ అడుగుకు ఆనకుండా ఉండాలి. ఫ్లాంజ్ నుంచి బాడీకి విడిగా ఒక ఎర్త్ వైరు వేయండి, రంగు వేసిన ట్యాంకుల్లో సగం రోగం దాంతోనే పోతుంది. తర్వాత బంకులో అయిదేసి లీటర్లు పోయిస్తూ ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఖాళీ గుర్తు మీదున్నప్పుడు రెండు మూడు లీటర్లు మిగిలేలా ఫ్లోట్ చేతిని కాస్త వంచుకున్నా తప్పులేదు.