విశాఖలో అయిదు రోజుల అద్దె కారు: భీమిలి రేవు నుంచి బొర్రా గుహల దాకా

గత నవంబరు చివరి వారంలో నిజామాబాద్ నుంచి మా ఇంటిల్లిపాదీ, అంటే నేను, మావారు, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, డెబ్బయ్యేళ్ల మా అత్తయ్య, విశాఖపట్నం వెళ్లి అయిదు రోజులు ఉండి వచ్చాం. అత్తయ్యకు మోకాళ్ల నొప్పి ఉంది కనుక సిటీ బస్సులు, ఆటోలు మారుతూ తిరగడం కుదరదని, ఒక ట్రావెల్స్ ఆఫీసులో డ్రైవరుతో సహా కారు మాట్లాడుకున్నాం. విశాఖను, దాని చుట్టుపక్కల ఊళ్లను ఇలా అద్దె కారులో చూడాలనుకునేవారికి మా అనుభవం పనికొస్తుందనే ఉద్దేశంతో ఇది రాస్తున్నాను. కారు తీసుకోవడం మంచి నిర్ణయం. ఆ ఆఫీసువారు చేతిలో పెట్టిన ప్యాకేజీని పక్కన పెట్టి, ఆ దారులు ఎరిగిన డ్రైవరు మాట వినడం అంతకంటే మంచి నిర్ణయం.

ముందు లెక్కల సంగతి చెప్పాలి. నగరంలో తిరగడానికి ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు అని ఒక ధర కట్టారు. నగరం దాటి వెళ్లే రోజులకు మనం ఎంత తక్కువ తిరిగినా కనీసం 250 కిలోమీటర్లకు లెక్కగట్టి, దానిమీద డ్రైవరు బత్తా వేశారు. ఈ పద్ధతి మన ఊళ్లలోనూ ఉన్నదే కాబట్టి దానిమీద నాకు అభ్యంతరం లేదు. అయితే ఫోనులో ఏడు సీట్ల బండి అని ఒప్పుకొని, మొదటిరోజు ఉదయం అయిదు సీట్ల బండి పంపారు. సామాను డిక్కీలో పట్టక ఒక పెట్టెను అత్తయ్య కాళ్ల దగ్గర పెట్టవలసి వచ్చింది. మావారు ఆఫీసుకు వెళ్లి గట్టిగా అడిగితే మధ్యాహ్నానికి బండి మార్చారు. ఘాట్ రోడ్డుకు విడిగా డబ్బు తీసుకుంటారన్న మాట కూడా చివరిరోజు బిల్లులో చూసేదాకా మాకు తెలియదు. మొత్తం పెద్దదేమీ కాదు గానీ, ముందే చెప్పవలసిన మాటను చివర్లో చెప్పడం నమ్మకాన్ని తగ్గిస్తుంది.

ఇంతకంటే పెద్ద లోపం ప్యాకేజీలోనే ఉంది. ఆఫీసు ఇచ్చిన కాగితంలో ఒకరోజు కైలాసగిరి, బీచ్, సింహాచలం అని, మరోరోజు తెల్లవారుజామునే బయలుదేరి అరకు, బొర్రా గుహలు చూసుకొని రాత్రికి తిరిగి రావడం అని రాసి ఉంది. అరకు విశాఖకు దాదాపు 115 కిలోమీటర్లు. అందులో చాలా భాగం మలుపుల కొండదారి. రానూపోనూ ప్రయాణానికే ఏడెనిమిది గంటలు పోతే గుహల్లో గంట, అరకులో రెండు గంటలు మిగులుతాయి. వయసు పైబడినవారిని, చిన్నపిల్లలను అలా తీసుకెళ్తే వాళ్లకు చివరికి గుర్తుండేది కడుపులో తిప్పడం ఒక్కటే. అరకుకు కనీసం ఒక రాత్రి కేటాయించండి. ఈ ఒక్క విషయంలో నా మాట వినమని కోరుతున్నాను.

మాకు వచ్చిన డ్రైవరు భీమిలి దగ్గరి పల్లెటూరి మనిషి. మొదటిరోజే ఆ కాగితం చూసి, "ఇలాగైతే మీరు కారే చూస్తారు మేడమ్, ఊరు చూడరు," అన్నారు. ఆయన సలహాతోనే మిగిలిన రోజుల క్రమం మార్చుకున్నాం.

ఆ మొదటిరోజు ఉదయం ఆరు గంటలకల్లా ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్లారు. రాత్రంతా సముద్రంలో ఉన్న మరబోట్లు వరసగా ఆగి ఉండగా, మంచుముక్కల్లో పెట్టిన వంజరం, చందువ, రొయ్యలు తట్టల్లో గట్టుమీదికి చేరుతున్నాయి. వేలంపాట అయిపోయిన తట్టను ఆడవాళ్లు నెత్తికెత్తుకొని నడిచే వేగానికి మేము పక్కకు తప్పుకోవడమే కష్టమైంది. నేల తడిగా, జారుడుగా ఉంటుంది కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకోండి, పెద్దవాళ్లను కారులోనే కూర్చోబెట్టండి. ఏప్రిల్ 15 నుంచి రెండు నెలలు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది కనుక ఆ రోజుల్లో వెళ్తే ఈ సందడి కనిపించదు. అక్కడి నుంచి చూస్తే డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాచినట్టు కనిపిస్తుంది. ఆ కొండ చాటున సహజంగా ఏర్పడిన రక్షణ వల్లనే ఇక్కడ 1933లో ఓడరేవు మొదలైంది.

రామకృష్ణా బీచ్‌లో ఒడ్డునే నిలిపిన కురుసుర జలాంతర్గామి మా అమ్మాయికి అన్నిటికంటే నచ్చింది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విశ్రమించి, ఆ మరుసటి ఏడాది ప్రదర్శనశాలగా మారిన నౌక అది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఒక మనిషి ఎదురొస్తే పక్కకు తిరిగి నిలబడవలసినంత ఇరుకు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇనుప ద్వారంలో నడుము వంచి, ఒక కాలు ముందుపెట్టి దూరాలి. గొట్టాల మధ్య ఒకదానిమీద ఒకటి కట్టిన పడకలు చూసి, ఇక్కడ నెలల తరబడి ఎలా ఉండేవారని అమ్మాయి అడిగితే, విశ్రాంత నౌకాదళ ఉద్యోగి అయిన గైడు ఓపికగా చాలాసేపు వివరించారు. అత్తయ్య లోపలికి రాలేకపోతే డ్రైవరు ఆవిడను నీడలో కూర్చోబెట్టి, మేము వచ్చేదాకా పక్కనే ఉన్నారు. సోమవారం కురుసుర మూసి ఉంటుందని గుర్తుంచుకోండి.

రెండోరోజు పొద్దున్నే సింహాచలం దర్శనం చేసుకున్నాం. స్వామి ఏడాది పొడవునా చందనపు పూతలోనే ఉంటాడు. నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు మాత్రమే. అత్తయ్య ఎన్నాళ్లుగానో అనుకుంటున్న దర్శనం అది, తృప్తిగా జరిగింది.

అక్కడి నుంచి సముద్రం పక్కగా భీమిలి దారి పట్టాం. ఈ ముప్పై కిలోమీటర్ల రోడ్డును ప్యాకేజీలో ఒక్క గీతతో సరిపెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. తొట్లకొండ మీద దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం శిథిలాలున్నాయి. 1988 నుంచి 1992 వరకు జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, భిక్షువుల గదుల పునాదులు బయటపడ్డాయి. వాననీరు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. అలాగే దగ్గర్లోని బావికొండకు బావుల వల్ల. సముద్రాన్ని ఎదురుగా పెట్టుకొని కూడా తాగే నీటికోసం కొండరాయిని తొలిచిన మనుషుల ముందుచూపు గురించి ఆ తొట్ల గట్టున నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం. పైదాకా కారు వెళ్తుంది, అత్తయ్య కూడా నాలుగడుగులు వేశారు. తరువాత ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్రపు హెచ్చుతగ్గులు పేర్చిన ఎర్ర ఇసుక గుట్టలు వానకు కోసుకుపోయి లోయల్లా ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలం ఇది. చేత్తో తాకితే గోడ పొడిపొడిగా రాలుతుంది. దయచేసి పిల్లలను ఆ గోడలు ఎక్కనివ్వకండి, పేర్లు చెక్కనివ్వకండి.

భీమిలి 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. డచ్చివారి సమాధులు, పాత దీపస్తంభం చూసుకొని సాయంత్రానికి గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి చేరాం. నీరు అక్కడ తొందరపడదు. ఇసుక మేటల పక్కగా సాగి, అల వచ్చినప్పుడు కాస్త వెనక్కు జరిగి, అల తగ్గాక మళ్లీ ముందుకు పోతుంది. డ్రైవరు నది వైపు చెయ్యి చూపించి, "ఇది ఏటనుకుంటున్నారు మేడమ్, రేపు మీరు బొర్రా గుహల్లో చూసే ఏరు ఇదే. మధ్యలో తాటిపూడి దగ్గర ఆపి సిటీకి తాగడానికి తెస్తారు," అన్నారు. అప్పటికి రెండు రోజులుగా హోటల్లో మేము తాగుతున్న నీటి మాట అది. అరకును విడి ఊరుగా, విశాఖను విడి ఊరుగా అనుకుంటూ వచ్చిన మాకు ఆ ఒక్క మాటతో దారంతా కలిసిపోయింది.

మూడోరోజుకు ఆయన చెప్పిన ఏర్పాటును ఈ దారిలో వెళ్లే ప్రతివారికీ సిఫారసు చేస్తాను. మేము నలుగురం ఉదయం ఏడింటిలోపు విశాఖలో బయలుదేరే కిరండూల్ రైలులో అద్దాల పెట్టె (విస్టాడోమ్ బోగీ) టికెట్లు ముందుగానే తీసుకొని ఎక్కాం. కారు మా సామానుతో ఘాట్ రోడ్డు మీదుగా వచ్చి బొర్రా గుహలు స్టేషను దగ్గర మాకోసం ఆగింది. కొండ ఎక్కేటప్పుడు మలుపుల బాధ లేదు, దిగేటప్పుడు కావలసినచోట ఆగే వీలు ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడానికి 1960ల్లో వేసిన దారి ఇది. 58 సొరంగాలు ఉన్నాయి. ఒక సొరంగం దాటగానే కిటికీలో లోయ, ఇంకొకటి దాటగానే ఎదురుగా ఖనిజం నింపుకొని నెమ్మదిగా కిందికి దిగుతున్న గూడ్సు. మొన్న హార్బరు దగ్గర చూసిన ఓడలకు సరుకు ఎక్కడి నుంచి వస్తుందో అమ్మాయికి వేరే చెప్పనక్కరలేకపోయింది.

బొర్రా గుహలు సముద్రమట్టానికి 700 మీటర్లకు పైన ఉన్నాయి. మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవారు మొదటి పెద్ద గది దాకా వెళ్లి ఆగడం మేలు. అత్తయ్య అదే చేశారు. సున్నపురాయిని కరిగిస్తూ పైకప్పు నుంచి జారే నీరు, తనతో తెచ్చిన సున్నాన్ని చుక్కచుక్కగా వదిలి, మర్రి ఊడల్లాంటి రాతి ఊడలను దించుతుంది. కిందపడిన చుక్కలు నేలమీద లింగాల్లా లేస్తాయి. ఒక ఊడ కొసన వేలు పెట్టకుండా దగ్గరగా చూశాను. చుక్క ఊరి, లావై, వణికి, జారడానికి చాలాసేపు పట్టింది. ఆవు పొదుగులా వేలాడే రాయి నుంచి నీరు కారుతుంది కనుకనే నదికి గోస్తనీ అని పేరు వచ్చిందని చెబుతారు. నిన్న సాయంత్రం ఇసుకలో చూసిన నీరు ఇక్కడ చీకట్లో, లోతున, చప్పుడుగా మాత్రమే వినిపించింది.

ఆ రాత్రి అరకులో ఉన్నాం. గిరిజన ప్రదర్శనశాల బాగుంది, తొందరపడకుండా చూడండి. బొంగులో చికెన్ మాత్రం రోడ్డు పక్క ఎక్కడపడితే అక్కడ కాకుండా, పచ్చి వెదురును మన కళ్లముందే నిప్పుల మీద పెట్టేచోట తినండి. నవంబరులో వెళ్తే కొండవాలు పొలాల్లో వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. ఫొటోల కోసం చేలు తొక్కకండి, అవి నూనెగింజల పంట, ఒకరి జీవనం. తిరుగుదారిలో అనంతగిరి దగ్గర డ్రైవరు కారు ఆపి, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెరిగే కాఫీ మొక్కలను, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలను చూపించారు. ఒక ఇంటి ముందు టార్పాలిన్ మీద ఎండుతున్న కాఫీ పండ్లు కొన్ని ఎర్రగా, కొన్ని నల్లబడి ఉన్నాయి. ఆ ఇంటి ఆవిడ ఒక పండు నలిపి లోపలి రెండు గింజలను, వాటిమీది జిగురు పొరను అమ్మాయి అరచేతిలో పెట్టారు. శృంగవరపుకోట దాటాక పక్కదారి పట్టి తాటిపూడి జలాశయం గట్టు దగ్గర ఒక అరగంట ఆగాం. అక్కడ కొనేది లేదు, టికెట్టు లేదు, జనమూ లేరు. చుట్టూ కొండలు, మధ్యలో నిండుగా గోస్తనీ. మా ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అరగంట అదే.

అయిదోరోజు అనకాపల్లి మీదుగా, లక్క పూసిన కర్ర బొమ్మలకు పేరుపొందిన ఏటికొప్పాక వెళ్లాం. అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను దానికి ఒత్తితే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. బ్రష్షు లేదు, పెయింటు డబ్బా లేదు. కళాకారుడి చేతిలో నిమిషాల్లో ఒక బొంగరం తయారైంది. ధర కళాకారులకే నేరుగా ఇచ్చి కొన్నాం. డ్రైవరు ఏ దుకాణం దగ్గరా ఆగమని ఒత్తిడి చేయలేదు, కమీషను మాట రానివ్వలేదు. కొండదారిలో ఆయన ఒక్కసారి కూడా మలుపులో ముందు బండిని దాటలేదు, ఫోను ఎత్తలేదు.

కారు మాట్లాడుకునేటప్పుడు బండి రకం, కనీస కిలోమీటర్లు, బత్తా, ఘాట్ రోడ్డు రుసుము, పార్కింగు, టోలు ఎవరు కట్టాలనేది వాట్సాప్‌లో రాయించుకోండి. రాత్రి అరకులో ఆగితే డ్రైవరు పడకకు ఏర్పాటు ఎవరిదో కూడా అడగండి. మా ఆఫీసువారు అది చూడలేదు. చలిలో ఆయన కారులో పడుకోబోతుంటే మేమే ఒక గది ఇప్పించాం. ఒంటరిగా లేదా ఇద్దరుగా వెళ్లేవారికి భీమిలి దాకా కారు అవసరమే లేదు, రైల్వే స్టేషను నుంచి 900కె బస్సు సముద్రం పక్కగానే తీసుకెళ్తుంది. పెద్దవాళ్లున్న కుటుంబమైతే కారు తీసుకోండి, ఆఫీసును మాత్రం ఒకటే అడగండి: భీమిలి, అనంతగిరి దారులు తెలిసిన స్థానిక డ్రైవరును పంపగలరా అని. మేము మళ్లీ వెళ్తే ఆ ఆఫీసుకు కాకుండా నేరుగా ఆ డ్రైవరుకే ఫోను చేస్తాం. ఈసారి వేసవి దాటి, తాటిపూడి నిండాక రమ్మని ఆయనే చెప్పారు.