ట్రాక్‌లీడర్స్: నిద్రను దాచని పటం

టూర్ డివైడ్ సైకిల్ పోటీని టీవీలో చూపించడం ఎవరి వల్లా కాదు. కెనడాలోని బాన్ఫ్ దగ్గర మొదలై, రాకీ పర్వతాల వెంట దక్షిణానికి దిగి, అమెరికా, మెక్సికో సరిహద్దులోని యాంటెలోప్ వెల్స్ దగ్గర ముగిసే దారి అది. పొడవు దాదాపు 4,400 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం కంకర, మట్టి. జూన్‌లో అందరూ కలిసి బయలుదేరతారు. ఒకటి రెండు రోజుల్లోనే ఒకరికొకరు కనిపించనంతగా చెదిరిపోతారు. అందుకే ఈ పోటీని ఇష్టపడేవాళ్లం ట్రాక్‌లీడర్స్ వెబ్‌సైట్ తెరుచుకుని కూర్చుంటాం. ప్రతి ఒక్కరి దగ్గరా ఉండే చిన్న ట్రాకర్ కొన్ని నిమిషాలకోసారి ఉపగ్రహానికి తన చోటు చెబుతుంది. ఆ చోటు పటం మీద చుక్కగా కనిపిస్తుంది. బొమ్మ లేదు, వ్యాఖ్యానం లేదు, ఉన్నది చుక్కలే.

చుక్కల్లో చూడటానికేముందని చాలామంది అడుగుతారు. నేను ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సును. ఈ పోటీల్లో నన్ను కట్టిపడేసేది వేగం కాదు, నిద్ర. ఎవరు ఎప్పుడు పడుకున్నారు, ఎంతసేపు పడుకున్నారు, లేచాక ఎలా కదిలారు అన్నది ఈ సైట్ చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

దానికి పటం కన్నా ‘రేస్ ఫ్లో’ అనే గ్రాఫ్ బాగా పనికొస్తుంది. గడిచిన కాలానికి ఎదురుగా సాగిన దూరాన్ని పెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో గీత గీస్తారు. సైకిల్ కదులుతుంటే గీత ఎక్కుతూ ఉంటుంది, మనిషి ఆగితే చదునవుతుంది. నేను వెతికేది ఆ చదును ముక్కల కోసమే. ఈ పోటీలో గడియారం ఆగదు. బయలుదేరినప్పటి నుంచి గమ్యం చేరేదాకా నిద్ర, తిండి, మరమ్మతు అన్నీ లెక్కలోకే వస్తాయి. ఒకరు రాత్రి రెండు గంటలే పడుకుని ముందుకు దూసుకెళ్తారు, ఇంకొకరు ఐదు గంటలు పడుకుని వెనకబడతారు. మూడు నాలుగు రోజులు ఓపిక పట్టి చూడండి. తక్కువ పడుకున్నవారి గీత ఎక్కే వేగం పగటి పూట కూడా తగ్గడం మొదలవుతుంది, చిన్న చిన్న చదునులు ఎక్కువవుతాయి. ఎక్కడో దారి పక్కన తల వాల్చి ఉంటారు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా శరీర ఉష్ణోగ్రత రోజు మొత్తంలో అతి తక్కువకు చేరి, చురుకుదనం అడుగంటుతుంది. వార్డులో ఆ వేళకు మందు మోతాదును రెండుసార్లు సరిచూసుకుంటాం. అదే వేళలో చీకట్లో, రాళ్ల మీద, ఒంటరిగా సైకిల్ తొక్కుతున్నవారి గీత చూస్తుంటే నాకు ఆ మనిషి ఒళ్లు తెలిసినట్టే ఉంటుంది.

2016లో మైక్ హాల్ ఈ దారిని 13 రోజుల 22 గంటల 51 నిమిషాల్లో పూర్తి చేశాడు. 2025లో రాబిన్ గెంపర్లె ఆ సమయాన్ని 11 రోజుల 19 గంటల 14 నిమిషాలకు తెచ్చాడు. అంటే రోజుకు దాదాపు 370 కిలోమీటర్లు, నిద్రతో కలిపి. గెలిచినవారి అంకెలు వార్తల్లో కూడా వస్తాయి. ఆ అంకె వెనక ఎన్ని చదునులున్నాయో చూడాలంటే మాత్రం ఇక్కడికే రావాలి.

లోపాలు లేవని కాదు, కాకపోతే అవి ఎక్కువగా ఉపగ్రహ ట్రాకర్లవే. దట్టమైన అడవిలో, లోయల్లో సంకేతం తప్పిపోతుంది. బ్యాటరీ అయిపోవచ్చు. అసలైన పరిమితి వేరే ఉంది: చుక్క ఆగిందని తెలుస్తుంది, ఎందుకు ఆగిందో తెలియదు. టైరు పంక్చరైందా, హోటల్లో తింటున్నారా, నిద్రా, గాయమా? న్యూ మెక్సికోలో వాన పడితే అక్కడి బంకమట్టి చక్రాలకు పట్టేసి సైకిల్ కదలదు, మోసుకెళ్లాల్సిందే. ఇంట్లో కూర్చున్న మనకు అలసటలా కనిపించేది నిజానికి బురద కావచ్చు.

మైక్ హాల్ 2017 మార్చి 31న ఆస్ట్రేలియాలో ఇండియన్ పసిఫిక్ వీల్ రేస్‌లో ఉండగా, క్యాన్‌బెర్రాకు దక్షిణాన మోనారో హైవేపై కారు ఢీకొని చనిపోయాడు. ఆ పోటీని కూడా జనం అప్పుడు చుక్కల్లోనే చూస్తూ ఉన్నారు. ఆగిన చుక్కను చూసి తెలిసినట్టు మాట్లాడటం, ‘అలసిపోయాడు, పని అయిపోయింది’ అని తీర్పులివ్వడం నాకు అందుకే అస్సలు నచ్చదు. పోటీలో ఉన్నవారి ఇంటివాళ్లు కూడా అదే పేజీ చూస్తుంటారు.

పరుగు పోటీల్లోనూ ఈ పద్ధతి ఉంది. బ్రిటన్‌లో పెన్నైన్ వే బాట మీద జనవరి చలిలో జరిగే 268 మైళ్ల స్పైన్ రేస్‌ను వేరే ట్రాకింగ్ సేవలో చూడొచ్చు. 2019లో జాస్మిన్ పారిస్ పురుషులందరినీ దాటి 83 గంటల 12 నిమిషాల్లో ఆ పోటీ గెలిచింది. చెక్‌పాయింట్లలో ఆగినప్పుడు పసిపాప కోసం చనుబాలు పిండుకుంది. చుక్క చెప్పలేని కారణాల్లో ఇది నాకు అన్నిటికన్నా ప్రియమైనది. అమెరికాలోని టెన్నెసీ కొండల్లో జరిగే బార్క్‌లీ పరుగు పోటీలో మాత్రం జీపీఎస్‌కు చోటే లేదు. అడవిలో దాచిన పుస్తకాల్లోంచి తమ నంబరు పేజీ చింపి తేవడమే రుజువు. 2024లో జాస్మిన్ 60 గంటల గడువుకు 99 సెకన్ల ముందు అక్కడ ముగింపు గేటు తాకి, బార్క్‌లీ పూర్తి చేసిన తొలి మహిళ అయింది. బయటివారికి ఆ కబురు శిబిరం దగ్గరున్న కొద్దిమంది రాతల్లోనే అందింది. ఆ ఉత్కంఠకు దానిదైన అందం ఉంది, ఒప్పుకుంటాను. అయినా నాకు గీతలే కావాలి, ఎందుకంటే అవి చివరివారిని కూడా మొదటివారంత శ్రద్ధగా చూపిస్తాయి.

వాడబోయేవారికి రెండు మాటలు. ఫోను తెర మీద రేస్ ఫ్లో గీతలు ఒకదానిపై ఒకటి పడతాయి, కంప్యూటర్‌లో తెరవండి. మొదటి పది మందిని కాకుండా, జాబితా మధ్యలోంచి ఒక పేరు ఎంచుకుని రోజూ రెండుసార్లు చూడండి. చుక్క మీ ఊరి మీదుగా వెళ్తోందని ఇంటి నుంచి తిండి, నీళ్లు పట్టుకుని ఎదురెళ్లకండి. బయటి సాయం తీసుకోకూడదన్నది టూర్ డివైడ్ మూలసూత్రం, మీ ప్రేమ వారి పోటీ మొత్తాన్నీ ప్రశ్నార్థకం చేస్తుంది. చప్పట్లు కొట్టండి, చాలు. బయలుదేరేది జూన్ రెండో శుక్రవారం. నా సలహా, మొదటి రాత్రి నుంచే చూడటం మొదలుపెట్టండి. అక్కడ పడుకోకుండా వదిలేసిన గంటలు ఏ రోజు బయటపడతాయో ఆ తర్వాతి గీతలో మీకే తెలుస్తుంది.