పెద వాల్తేరు మాస్టారి పీడీఈ (పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్ల) క్లాసు, మూడు నెలలు వెళ్ళాక నా రివ్యూ

నాన్‌లీనియర్ ఎలిప్టిక్ ఈక్వేషన్లకి బౌండరీ వాల్యూ ప్రాబ్లమ్స్ (అంచుల్లో విలువ ఇచ్చి లోపలి విలువలు కనుక్కోమనే లెక్కలు) నేర్పేవాళ్ళు వైజాగ్‌లో ఎవరైనా ఉన్నారా అని నేను తెగ వెతికాను, అడిగిన ప్రతివాళ్ళూ తెలీదన్నారు, అందుకే ఇది రాస్తున్నా. పెద వాల్తేరు వైపు ఒక మేడ మీద గదిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన శని, ఆదివారాలు పొద్దున్నే చెప్తారు. బయట పేరు బోర్డు గట్రా ఏం ఉండదు, నన్ను మా సీనియర్ అక్క తీసుకెళ్ళింది. నెలకి 1500, మా బ్యాచ్‌లో ఐదుగురం.

నా ఎంటెక్ ప్రాజెక్టు బొగ్గు కుప్ప లోపల్లోపలే వేడెక్కి అంటుకోవడం మీద. అందులో వచ్చేది బ్రాటు ప్రాబ్లమ్: యు డబుల్ డాష్ ప్లస్ లాంబ్డా ఇంటూ ఈ పవర్ యు ఈక్వల్స్ జీరో, ఒకటి పొడవున్న గీతకి రెండు కొసల్లోనూ యు సున్నా. యు అంటే లోపల పెరిగిన వేడి, లాంబ్డా అంటే వేడి ఎంత జోరుగా పుడుతుందో చెప్పే అంకె. లాంబ్డా 4 పెట్టి న్యూటన్ మెథడ్ (ఒక అంచనాతో మొదలెట్టి దాన్ని మళ్ళీ మళ్ళీ సరిచేస్తూ పోయే పద్ధతి) నడిపిస్తే ఎన్ని ఇటరేషన్లైనా కన్వర్జ్ అవ్వదు, అంటే ఒక ఆన్సర్ దగ్గర ఆగదు. అప్పటికే డబ్బు కట్టిన ఒక ఆన్‌లైన్ కోర్సులో డౌట్ అడిగితే మెష్ (లెక్క కట్టే పాయింట్ల వల) ఇంకా సన్నం చెయ్యండి, డేంపింగ్ పెట్టండి (ఒక్కో అడుగూ చిన్నది చెయ్యండి) అన్నారు, అలా మూడు వారాలు పోయాయి, రాత్రుళ్ళు ఏడుపొచ్చేది.

మాస్టారు నా కోడ్ అసలు చూడనే లేదు. "ముందు దానికి ఆన్సరంటూ ఉందా అమ్మా?" అన్నారు. లోపలికెళ్ళి టూ సిక్స్ సైజు మెటల్ గాజులు రెండు, గిన్నెలో సర్ఫ్ నీళ్ళు తెచ్చారు. గాజులు రెండూ కలిపి ముంచి మెల్లగా విడదీస్తే మధ్యలో సబ్బు పొర నడుం సన్నబడిన గొట్టంలా సాగింది, పక్కనే స్కేలు పెట్టి ఎక్కడ తెగుతుందో చూడమన్నారు. దగ్గర దగ్గర నాలుగు సెంటీమీటర్ల దగ్గర టప్పున తెగి ఒక్కో గాజులో ఒక్కో బిళ్ళలా నిలిచింది. గాజుల మధ్య దూరం వ్యాసార్థానికి 1.3255 రెట్లు దాటితే రెండు గాజుల్నీ కలిపే పొరకి సొల్యూషనే లేదు, దాటనంతవరకూ రెండుంటాయి, లావు నడుం ఉన్నదే నిలబడుతుంది అన్నారు. ఆ సబ్బు పొర ఆకారాన్నిచ్చే మినిమల్ సర్ఫేస్ ఈక్వేషన్ కూడా నాన్‌లీనియర్ ఎలిప్టిక్కే కదా, నా బొగ్గు కుప్పదీ అదే కథ.

తర్వాత నా ఈక్వేషన్‌ని కాగితం మీద మధ్యలో ఒక్క పాయింటే పెట్టి చేయించారు. లాంబ్డా ఈక్వల్స్ 8 యు ఇంటూ ఈ పవర్ మైనస్ యు అని వస్తుంది, దాని గరిష్ఠం యు ఒకటి దగ్గర 2.943. అసలు క్రిటికల్ విలువ (లాంబ్డా దీన్ని దాటితే సొల్యూషన్ ఉండదు) 3.5138, ఒక్క పాయింటుతో అంత దగ్గరికొచ్చేశాం! లాంబ్డా 1 పెడితే సున్నా నుంచి మొదలైన న్యూటన్ 0.144కి పోయింది, 4 నుంచి మొదలైనది 3.26కి పోయింది. ఇనీషియల్ గెస్ ఎందుకంత ముఖ్యమో నాకు అప్పుడు ఎక్కింది. నేను పెట్టిన 4 క్రిటికల్ కన్నా పైన ఉంది, అంటే పుట్టే వేడి బయటికి పోయే వేడిని దాటేసింది, ఇక స్టెడీ స్టేట్ ఉండదు, కుప్ప అంటుకుంటుంది. నా కోడ్‌లో తప్పే లేదండీ.

ఇబ్బందులూ ఉన్నాయి. రెండు గంటలని చెప్పి మూడున్నర గంటలు సాగుతుంది, మధ్యాహ్నం పనులున్నవాళ్ళకి కష్టం. మేడ మెట్లు ఇరుకు, వానొస్తే జారతాయి. ఇలాంటి ఈక్వేషన్లని కంప్యూటర్‌లో సాధించే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్లు ఆయన ముట్టుకోరు, అది మనమే నేర్చుకోవాలి. అప్పర్, లోయర్ సొల్యూషన్ల ప్రూఫ్ (పైనొకటి, కిందొకటి హద్దులు పెట్టి మధ్యలో సొల్యూషన్ ఉందని చూపించేది) మాత్రం చాలా వేగంగా చెప్పేశారు, ఇంకో రెండు క్లాసులు పట్టాల్సింది, నాకు ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

కానీ ఆర్క్‌లెంగ్త్ కంటిన్యుయేషన్ మీద పెట్టిన నాలుగు వారాలకే నేను కట్టిన ఫీజంతా వచ్చేసింది. లాంబ్డా పెంచుకుంటూ పోతే సొల్యూషన్ల కర్వ్ క్రిటికల్ విలువ దగ్గర వెనక్కి తిరుగుతుంది, ఆ మలుపు దగ్గర జాకోబియన్ (న్యూటన్ ప్రతి అడుగులో వాడే డెరివేటివ్‌ల మ్యాట్రిక్స్) సింగులర్ అయిపోతుంది, అంటే దాంతో భాగించలేం, అందుకని లాంబ్డాని కూడా తెలియని విలువగా తీసుకుని కర్వ్ వెంటే నడవాలి. పోయిన ఆదివారం ల్యాప్‌టాప్‌లో నా కర్వ్ 3.51 దాకా వెళ్ళి వెనక్కి తిరిగితే మాస్టారు కుర్చీలోంచి లేచొచ్చి చూశారు, "ఇప్పుడు గీత మీద కాదు, చదరం మీద చెయ్యమ్మా, 6.81 దగ్గర తిరగాలి" అన్నారు. ఈ వారం దాని మీదే కూర్చున్నా.

ఐదుకి ఐదు ఇస్తున్నా. వెళ్ళేవాళ్ళు న్యూటన్ మెథడ్, టేలర్ సిరీస్ ఒకసారి చూసుకుని వెళ్ళండి, అవి ఆయన మళ్ళీ చెప్పరు.