మ్యూటెక్ట్2 వాడుక సమీక్ష: పక్కన రక్తం శాంపిల్ ఉంటేనే

నల్లగొండలో 16 కోర్లు, 64 జీబీ ర్యామ్ ఉన్న ఒకే వర్క్‌స్టేషన్ మీద, ఎక్కువగా ఎగ్జోమ్ డేటాతో (ప్రొటీన్లకు కోడ్ చేసే డీఎన్ఏ భాగం), నాలుగేళ్లు వాడిన తర్వాత రాస్తున్న మాట ఇది. మ్యూటెక్ట్2 అనేది క్యాన్సర్ డీఎన్ఏ మార్పులను వెతికే సాఫ్ట్‌వేర్. బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ వారి జీఏటీకే4 అనే టూల్స్ కట్టలో భాగం, ఉచితం. పుట్టుకతో వచ్చిన తేడాలను పక్కకు పెట్టి, కణితిలో మాత్రమే పుట్టిన మార్పులను ఏరడం దీని పని. అదే రోగి రక్తం జతగా ఇస్తే ఈ పని చాలా బాగా చేస్తుంది. కణితి ఒక్కటే ఇస్తే మాత్రం మన జనం విషయంలో దీని జాబితాను నమ్మి ముందుకు పోవద్దు.

ఎందుకంటే, రక్తం లేనప్పుడు ఏది పుట్టుకతో వచ్చిందో తేల్చడానికి ఇది ప్రధానంగా నోమ్యాడ్ (జనంలో ఏ డీఎన్ఏ మార్పు ఎంతమందిలో ఉందో చెప్పే డేటాబేస్) ఫైల్ మీదే ఆధారపడుతుంది. అందులో లేని మార్పు కనబడితే, అది జనంలో రెండు కోట్లలో ఒక వంతుగా మాత్రమే ఉంటుందని అనుకుంటుంది. అంటే దాదాపుగా కణితిదే అని లెక్క. యూరప్ మూలాలవారికి ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. మన దగ్గర తరతరాలుగా ఒకే కులంలో, మేనరికాల్లో పెళ్లిళ్లు జరుగుతాయి కాబట్టి, ప్రపంచంలో ఎక్కడా కనబడని మార్పు ఒక్క సమాజంలో మామూలుగా ఉండొచ్చు. ఆర్యవైశ్యులలో కనిపించే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ (కొన్ని మత్తు మందులను విరగ్గొట్టే ఎంజైమ్) లోపం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. మత్తు డాక్టర్లకు ఇది పాత సంగతే. అలాంటివి ఇంకా ఎన్నో డేటాబేస్‌కు ఎక్కకుండా ఉన్నాయి, అవే కణితి మార్పుల వేషంలో జాబితాలోకి వస్తాయి. మన దేశపు జీనోమ్ ప్రాజెక్టు ఇండిజెన్‌లోని 1029 జీనోమ్‌ల సమాచారంతో పోల్చి కొన్ని తీసేయొచ్చు, అన్నీ పోవు.

ఒక మార్పు 50 శాతం రీడ్లలో (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కల్లో) ఉంటే పుట్టుకతో వచ్చిందే అనుకునే అలవాటు కూడా మోసం చేస్తుంది. ముక్కలో కణితి కణాలు 80 శాతం ఉంటే, అసలైన కణితి మార్పు కూడా 40 శాతం దగ్గర కనబడుతుంది. రెండింటినీ విడదీసేది రక్తమే. 3 మి.లీ. చాలు, ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీయాలి. హెపారిన్ ట్యూబ్ వద్దు, అది పీసీఆర్‌ను (డీఎన్ఏ కాపీలు పెంచే పద్ధతి) అడ్డుకుంటుంది. మే నెల ఎండలో హైదరాబాద్ దాకా పంపేటప్పుడు ఐస్ ప్యాక్‌ల పెట్టె తప్పనిసరి, కానీ ట్యూబులో రక్తం మంచులా గడ్డకట్టకుండా పైలం. ఆపరేషన్‌లో తీసిన పక్క కణజాలాన్ని రక్తానికి బదులు వాడితే, అందులో కణితి కణాలు కలిసి ఉంటే అసలు మార్పులే ఎగిరిపోవచ్చు. రక్త క్యాన్సర్లలో రక్తమే కణితి కాబట్టి, అక్కడ చర్మం నుంచి పెంచిన కణాలు మేలు.

కొత్తవాళ్లు ముందుగా ఆగేది రీడ్ గ్రూప్ (ఏ రీడ్ ఏ శాంపిల్‌దో చెప్పే ట్యాగ్) దగ్గర. 'నార్మల్' అన్నచోట ఫైల్ పేరు కాదు, బామ్ (రీడ్లను జీనోమ్ మీద అమర్చిన ఫైల్) హెడర్‌లోని ఎస్ఎమ్, అంటే శాంపిల్ పేరు ఇవ్వాలి. కణితికి, రక్తానికి ఎస్ఎమ్ ఒకటే పెడితే రెండూ ఒకే శాంపిల్ అయిపోతాయి. మ్యూటెక్ట్2 తర్వాత మూడు మెట్లు దాటవేయొద్దు: రీడ్ ఓరియంటేషన్ మోడల్ (ఒకే దిశ రీడ్లలో వచ్చే దొంగ మార్పులను పట్టేది), కలుషితం లెక్క (వేరే మనిషి డీఎన్ఏ ఎంత కలిసిందో), ఫిల్టర్‌మ్యూటెక్ట్‌కాల్స్ (చివరి వడపోత). క్రోమోజోమ్‌ల వారీగా విడగొట్టి నడిపితే ఒక్కో ముక్కకు మ్యూటెక్ట్2 రాసే స్టాట్స్ ఫైళ్లను కూడా కలపాలి, లేకపోతే ఫిల్టర్ మెట్టు దగ్గర ఆగిపోతుంది. విడగొట్టి నడపడమే మంచిది, ఒకే పనికి థ్రెడ్లు పెంచితే వేగం పెద్దగా పెరగదు.

జిల్లా దవాఖానల నుంచి వచ్చేవి ఎక్కువగా ఫార్మలిన్‌లో నిల్వచేసి మైనంలో పెట్టిన కణితి ముక్కలు, అంటే పారఫిన్ దిమ్మలు. బఫర్ లేని ఫార్మలిన్‌లో రోజుల తరబడి నానిన ముక్కలో సైటోసిన్ పాడై, సి ఉన్నచోట టి అని చదవబడుతుంది. 5 శాతం కన్నా తక్కువ రీడ్లలో సి-టి మార్పులు వందల్లో కనబడితే కణితిని కాదు, ఫార్మలిన్‌ను అనుమానించాలి. ఓరియంటేషన్ మోడల్ చాలావాటిని పట్టుకుంటుంది. మిగిలినవాటిలో ముఖ్యమైనవి ఐజీవీలో (రీడ్లను తెరపై చూపే సాఫ్ట్‌వేర్) కంటితో చూడాల్సిందే.

ఒక లోపం దీనిది కాదు, రీడ్లను పోల్చి అమర్చే ప్రామాణిక మనిషి జీనోమ్, జీఆర్‌సీహెచ్38 రిఫరెన్స్‌ది, కానీ దెబ్బ ఇక్కడే తగులుతుంది. 21వ క్రోమోజోమ్ మీద యూ2ఏఎఫ్1 జీన్ పొరపాటున రెండుసార్లు చేరింది. రీడ్లు ఎటు పోవాలో తెలియక మ్యాపింగ్ నాణ్యత సున్నా అవుతుంది, మ్యూటెక్ట్2 వాటిని వదిలేస్తుంది. మైలోడిస్ప్లాసియా (ఎముక మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) రోగుల్లో చాలా ముఖ్యమైన మార్పు ఇలా, ఏ హెచ్చరికా లేకుండా మాయమవుతుంది. అదనపు కాపీని ఎన్‌లతో ('ఏ అక్షరమో తెలియదు' అనే గుర్తు) కప్పేసిన రిఫరెన్స్‌తో అలైన్‌మెంట్ మళ్లీ చేయాలి.

హెచ్‌ఈఆర్2 జీన్ కాపీలు పెరగడం, ఏఎల్‌కే ఫ్యూజన్ (ఏఎల్‌కే జీన్ ఇంకో జీన్‌తో అతుక్కోవడం) లాంటివి దీని పని కాదు, వేరే టూల్స్ కావాలి.

యంత్రం సంగతి. ఇక్కడ ప్రాసెసర్ కన్నా కరెంటు, డిస్కు ఎక్కువ ఏడిపిస్తాయి. కరెంటు పోయినప్పుడు సగంలో తెగిన బామ్ చూడటానికి మామూలుగానే ఉంటుంది. తర్వాతి మెట్టుకు పోయే ముందు, ఫైల్ తెగిందేమో చెప్పే శామ్‌టూల్స్ క్విక్‌చెక్ ప్రతిసారీ నడపండి. మెట్లన్నీ వరుసగా నడిపే నెక్స్ట్‌ఫ్లోలో రెజ్యూమ్ (ఆగినచోటి నుంచి కొనసాగించడం) ఉంది కాబట్టి పని మొదటికి రాదు, కానీ దాని వర్క్ ఫోల్డర్ చూస్తుండగానే వందల జీబీ మింగుతుంది. నకలు రీడ్లను గుర్తించే మార్క్‌డూప్లికేట్స్ తాత్కాలిక ఫైళ్లను మామూలుగా సిస్టమ్ డిస్కులోనే రాస్తుంది, టెంప్ దారిని పెద్ద డిస్కుకు మార్చండి. పని పూర్తయిన బామ్‌లను క్రామ్‌గా (ఇంకా కుదించిన రూపం) మార్చి పెడితే జాగా బాగా మిగులుతుంది; అయితే అదే రిఫరెన్స్ ఫాస్టా ఫైల్‌ను క్రామ్‌లతో పాటే దాచాలి, అది లేకుండా అవి తెరుచుకోవు.